ముదుసలుల ముంగిటికి టీకా

టీకా అను మాట తెలుగునందును, ఒడియాయందును ఒక్కటియే. గంజాము జిల్లాలో ఏ యింటి వాకిట నిలిచి ఈ మాట పలికినను లోపలివారు ఏ భాషవారైనను అర్థము చేసికొందురు. ఇంగ్లండునందు జెన్నరు వైద్యుడు 1796లో ఆవుల మశూచి రసముతో టీకా వేయు పద్ధతిని కనుగొనక పూర్వమే వంగ, ఉత్కళ దేశములలో టీకాదారులను వారు ఉండిరి. మశూచి పొక్కులనుండి తీసిన రసమును చేతి చర్మములోనికి కొద్దిగా ఎక్కించి, తేలికపాటి జ్వరము కలిగించి, పెద్ద జాడ్యమును తప్పించుటకు వారు ప్రయత్నించుచుండిరి. ఆ పద్ధతిలో అపాయము లేకపోలేదు. టీకా పొందినవానినుండి ఇతరులకు మశూచి అంటుటయు కలదు. ఆ సంగతి నిక్కడ విస్తరింపము. మేము గమనింపగోరునది వేఱొకటి. ఆ టీకాదారుడు ఊరూర తిరిగి ఇంటింటికిని వచ్చెడివాడు; జనులు అతనిని వెదకికొని పోవుట లేదు.

జెన్నరు పద్ధతి మన దేశమునకు వచ్చినపుడును అట్లే జరిగెను. 1802 జూను 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు మొదటి టీకా వేయబడెను. మంచుపెట్టెలు లేని ఆ కాలములో ఆ రసము బాగ్దాదునుండి బస్రా మీదుగా చేతినుండి చేతికి, మనిషినుండి మనిషికి ఎక్కించుకొనుచు వచ్చినది. అనగా టీకాను మోసికొని వచ్చినది సీసా కాదు, మనుష్య శరీరమే. తరువాతి కాలమున ప్రభుత్వపు టీకా ఉద్యోగులు సంచి తగిలించుకొని పల్లెలు తిరిగిరి. 1970 తరువాత మశూచిని తుదముట్టించు పనిలో ఇల్లిల్లు వెదకి రోగులను కనుగొనిరి. దేశములో ఆ రోగము 1975లో ఆగెను, 1977లో అది ధ్రువీకరింపబడెను. 1995లో మొదలైన పల్స్ పోలియో కార్యక్రమములో బూతునకు రాని పసిబిడ్డల కొఱకు సిబ్బంది గడపగడపకు పోయి, చుక్కలు వేసి, గోడపై గుర్తు వ్రాసిరి. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో లేనిదిగా ప్రకటింపబడెను.

కరోనా టీకా విషయమున ఈ వాడుక తలక్రిందులైనది. మందు ఒకచోట కూర్చుండెను. ముదుసలులు దానిని వెదకికొని బయలుదేరవలసి వచ్చెను. ఎందుకట్లు జరిగెనో, ఆ దూరము ఎట్లు తగ్గెనో, ఇకముందు అట్టి అవసరము కలిగిన మన విద్యార్థులు ఏమి చేయవచ్చునో ఈ పాఠములో చెప్పెదము.

2020వ సంవత్సరపు వేసవిని మన జిల్లావారు మఱువజాలరు. సూరతు మొదలగు పట్టణములలో మరమగ్గముల పనులు చేయు గంజామువారు వేలకొలదిగా ఇండ్లకు మరలిరి. ఆ యేడు ఒడిశాలో ఈ జాడ్యము మొదట తీవ్రముగా చెలరేగిన జిల్లాలలో గంజాము ముందుండెను. పంచాయతీలలో బడి భవనములే, వచ్చినవారిని విడిగా నుంచు తాత్కాలిక వసతులైనవి. పాఠములు చెప్పుకొను గదులలో మంచములు పరచుట మనమందఱము చూచినదే.

2021 జనవరి 3న రెండు టీకాలకు అత్యవసర వినియోగ అనుమతి లభించెను. కోవిషీల్డు అనునది ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమును, ఆస్ట్రాజెనెకా సంస్థయు రూపొందింపగా పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూటు తయారుచేసినది. కోవాక్సిను అనునది హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలసి తయారుచేసినది. జనవరి 16న వైద్య సిబ్బందికి వేయుటతో పని ఆరంభమాయెను. మార్చి 1 నుండి 60 ఏండ్లు పైబడినవారికిని, 45 మొదలు 59 ఏండ్ల వయస్సులో కొన్ని దీర్ఘవ్యాధులు గలవారికిని, ఏప్రిల్ 1 నుండి 45 ఏండ్లు పైబడిన వారందఱికిని, మే 1 నుండి 18 ఏండ్లు నిండినవారికిని అర్హత కలిగెను. ప్రభుత్వ కేంద్రములలో వెల లేదు. ప్రైవేటు ఆసుపత్రులలో మార్చి నెలలో మోతాదునకు 250 రూపాయలకు మించి తీసికొనరాదని హద్దు పెట్టిరి.

దీనినిబట్టి చూడగా, వరుసలో ముదుసలులకు ముందుచోటే దక్కెను. అది దయాదాక్షిణ్యముల మాట కాదు, శరీరశాస్త్రపు మాట. రొమ్ముటెముక వెనుక థైమసు అను చిన్న గ్రంథి కలదు. రోగక్రిములను గుర్తించు టీ కణములు అందులోనే పక్వమగును. యౌవనము మొదలుకొని ఆ గ్రంథి కృశించుచు వచ్చును. కావున పాత శత్రువులను ఎఱిగిన కణములు ముదుసలి దేహమున నిలిచియున్నను, క్రొత్త శత్రువును నేర్చుకొనగల కణములు తక్కువ. కరోనా క్రిమి అందఱికి క్రొత్తదే. ముదుసలికి మఱింత క్రొత్తది. దానికి తోడు మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, ఆయాసము వయస్సుతో చేరుచుండును. టీకా చేయు పని, రోగము రాకముందే శత్రువు ముఖమును శరీరమునకు పరిచయము చేయుట. కోవాక్సిను చంపిన క్రిమినే చూపును. కోవిషీల్డు మఱియొక నిరపాయమైన క్రిమి వీపున, కరోనా క్రిమి ముండ్లలోని ఒక మాంసకృత్తును తయారుచేయు సూచనను పంపును. టీకా వేసికొన్నవారికి రోగము అసలే రాదని చెప్పుట సరికాదు. ఆసుపత్రి పాలగుటయు, మరణించుటయు మాత్రము చాలవఱకు తగ్గినవి.

భయములును ఉండెను. సూది వేసిన రాత్రి జ్వరము, ఒడలినొప్పులు చాలమందికి వచ్చినవి. అవి ఒకటి రెండు దినములలో పోవునవే. కోవిషీల్డు విషయమున మిక్కిలి అరుదుగా రక్తము గడ్డకట్టు ఉపద్రవము కనబడినమాట నిజము. అది ముదుసలులలోకంటె చిన్న వయస్సువారిలోనే ఎక్కువగా కనబడినందున, ఐరోపాలోని కొన్ని దేశములు ఆ టీకాను పెద్దలకే పరిమితము చేసినవి. ఈ వివరము తెలిసిన మనుమడు తాతకు ధైర్యము చెప్పగలడు. "ఏమీ కాదు, వెళ్లు" అని కసరినవాడు చెప్పలేడు.

ఇక దూరము సంగతి. దూరమనగా మైళ్ల లెక్క మాత్రమే అనుకొందుము. బరంపురములో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962 నుండి కలదు. పట్టణములో నున్నవానికి అది దగ్గఱయే. భంజనగరమువానికి సుమారు 80 కిలోమీటర్లు. అంత దూరము పోనక్కఱలేక బ్లాకులలోని ఆరోగ్య కేంద్రములలోను టీకా వేసిరి. అయినను మోకాళ్ల నొప్పిగల మామ్మకు మూడు కిలోమీటర్లును దూరమే. ఆమె ఒంటరిగా పోలేదు. వెంట ఒకరు పోవలెను. ఆ యొకరికి ఆనాటి కూలి పోవును. ఆటోకు కిరాయి ఇయ్యవలెను. వెల లేని మందునకు ఇంత వెల పడును. పైగా ముందుగా పేరు నమోదు చేసికొనక నేరుగా వచ్చెడివారిని 2021 ఏప్రిల్‌లో మధ్యాహ్నము 3 గంటల తరువాత రమ్మనిరి. మన ప్రాంతమున ఏప్రిల్ నెల 3 గంటల యెండ ఎట్టిదో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ముందుగా నమోదు చేసికొందమన్న, దానికి కోవిన్ అను ద్వారము గుండ పోవలెను. సెల్ ఫోనులో సంఖ్య వ్రాయవలెను. అంతట 6 అంకెల రహస్యసంఖ్య సందేశముగా వచ్చును. దానిని కొద్ది నిమిషములలో తిరిగి వ్రాయవలెను. గుర్తింపు పత్రపు సంఖ్య, పుట్టిన సంవత్సరము చేర్చవలెను. ఆపై కేంద్రమును, దినమును, వేళను ఎన్నుకొనవలెను. 2021లో ఒక ఫోనుపై నలుగురి పేర్లు వ్రాయ వీలుండెను. ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉప్పెన వచ్చి టీకాలు చాలనప్పుడు, ఖాళీలు కనబడిన కొలది క్షణములకే నిండిపోవుచుండెను. వ్రేళ్లు చుఱుకైనవారు ముందు పోయిరి. వరుసలో ముందుచోటు ఇచ్చిన చేతితోనే, వరుస మొదట ఫోను అను గడప పెట్టినట్లైనది. 2021 మే 31న సర్వోన్నత న్యాయస్థానము కూడ ఫోనులు, కంప్యూటర్లు లేనివారి గతి యేమని ఈ విషయమున ప్రభుత్వమును ప్రశ్నించెను.

భాష మఱియొక దూరము. తొలి నెలలలో కోవిన్ పుట ఇంగ్లీషు తెలిసినవారికే అనుకూలముగా నుండెను. తెలుగు, ఒడియా మొదలగు భాషలు 2021 జూను నాటికి చేరినవి. ముదుసలులకు అర్హత కలిగినది మార్చి 1న. మన పెద్దల విషయమున ఇందొక విశేషము కలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడు వఱకు గంజాము మద్రాసు రాజధానిలోని జిల్లా. 2021 ఏప్రిల్ నాటికి 85 ఏండ్లు దాటినవారు ఇల్లు కదలకయే ఆ రాజధానిలో పుట్టి ఈ రాష్ట్రములో పెరిగినవారు. మేమెఱిగిన పెద్దలలో పలువురు ఒడియా చక్కగా మాటలాడుదురు, చదువలేరు, చదువగలిగినది తెలుగొక్కటియే. అట్టివారికి ఫోనులో వచ్చిన ఇంగ్లీషు సందేశము వచ్చినను రానట్లే.

ఆ సందేశములో ఏమున్నదో తెలియుట ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణము చెప్పెదము. కోవిషీల్డు రెండవ మోతాదునకు మొదట 28 దినముల గడువు ఉండెను. 2021 మార్చి 22న దానిని 4 మొదలు 8 వారములకును, మే 13న 12 మొదలు 16 వారములకును పెంచిరి. కోవాక్సిను గడువు పెరుగలేదు. చీటిపై వ్రాసిన పాత తేదీని నమ్మి, ఎండలో పోయి, టీకా లేకయే తిరిగి వచ్చిన వృద్ధులు కలరు. రెండు మోతాదులును ఒకే టీకావి కావలెనను నియమము నెఱుగక కేంద్రము మార్చి పోయినవారికి మఱియొక యాతన.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింప పాటుపడిరి. తెలియని భాషలో చెప్పిన మంచి మాట చెవి దాటదని వారెఱుగుదురు. వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుని పేరు ఇట్టి గ్రాంథికములో తలచుట వింతయే. సంచికకు వ్రాయునప్పుడు ఈ భాష చెల్లును. మామ్మకు చెప్పునప్పుడు చెల్లదు. ఆమె అడిగినది ఆమె మాటలోనే యుండును: "బాబూ, ఆ సూది మన వీధికి ఎప్పుడొస్తాది?"

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభమని పలువురు తలంతురు. ఒక నర్సు సీసా పట్టుకొని వీధికి వచ్చిన చాలదా? ఇక్కడ కొంత లెక్క చేయవలెను. పై తరగతుల విద్యార్థులు పలకయో కాగితమో తీసికొందురు గాక.

కోవిషీల్డు సీసా ఒకదానిలో 10 మోతాదులు, ఒక్కొక్కటి అర మిల్లీలీటరు. సీసాను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నుంచవలెను. మూత పొడిచిన తరువాత 4 గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలెను. సూది వేసికొన్నవారిని 30 నిమిషములు కనిపెట్టి చూడవలెను. ఇప్పుడు ఒక నర్సు ఇంటింటికి పోవుచున్నదని యనుకొందము. ఒక్కొక్క ఇంట ఒక్కరే ముదుసలి. నడక కాలమును లెక్క వేయకున్నను, 4 గంటలలో 240 నిమిషములు. 30 చొప్పున భాగించిన 8 ఇండ్లు. సీసాలో 10 మోతాదులున్నవి. 2 మోతాదులు నేలపాలు. నడక కాలమును గూడ కలిపిన ఇంకను ఎక్కువ. మందు కొఱతగా నున్న మే నెలలో ఆ రెండు మోతాదులు ఇద్దఱి ప్రాణములు కావచ్చును. అందుచేతనే, ఒక్కరి కొఱకు సీసా విప్పుటకు ఆరోగ్య సిబ్బంది వెనుకాడిరి. దానిని వారి కాఠిన్యమని యనరాదు.

ఈ లెక్కకు విఱుగుడు రెండు విధములు. సూది వేయువారు ముందుకు సాగుచుండగా, కనిపెట్టి చూచువారు వేఱొకరు వెనుక నుండుట ఒకటి. పదిమందిని ఒకచోట చేర్చుట రెండవది. తెలుగులో పదిమంది అనగా సంఘమని అర్థము; సీసాకును అదియే లెక్క కుదిరినది. వీధిలో పదిమంది పెద్దలు ఒక నీడపట్టున చేరిరేని సీసా విప్పుటకు సంకోచము లేదు, నేలపాలగునది లేదు, అరగంట విశ్రాంతియు అందఱికి ఒక్కసారే గడచును.

2021 మే 27న కేంద్ర ఆరోగ్య శాఖ ఈ త్రోవనే పట్టినది. 60 ఏండ్లు పైబడినవారికిని, అంతకు తక్కువ వయస్సులో అంగవైకల్యము గలవారికిని ఇంటికి చేరువ కేంద్రములు పెట్టవచ్చునని మార్గసూచనలు వెలువడినవి. ఆసుపత్రి కానక్కఱలేదు, సామాజిక భవనము, పంచాయతీ కార్యాలయము, వృద్ధాశ్రమము, బడి భవనము ఏదైనను చాలును. వేచియుండుటకు, సూది వేయుటకు, విశ్రమించుటకు వేఱువేఱు చోట్లుండవలెను. వాలుబాట యుండిన మేలు. సమీపములోని ఆరోగ్య కేంద్రము ఆ శిబిరమునకు బాధ్యత వహించును. 2020లో మంచములు వేసిన తరగతి గదులే ముదుసలులకు టీకా గదులు కాగల వీలు అట్లు కలిగినది. మంచము దిగి అంతవఱకును రాలేనివారు ఇంకను మిగిలిరి. వారికి ఇంటికే పోయి వేయవచ్చునను అనుమతి 2021 సెప్టెంబరు 23 నాటికి గాని రాలేదు. నవంబరులో దేశమంతట ఇంటింటి తలుపు తట్టు కార్యక్రమము నడచెను. మార్చి 1 నుండి సెప్టెంబరు 23 వఱకు దాదాపు 7 నెలలు. రెండవ ఉప్పెన అంతయు ఆ నడుమనే వచ్చి పోయినది. అందఱికంటె నిస్సహాయులైనవారికి అందఱికంటె ఆలస్యముగా మందు చేరుటను మేము సమర్థింపజాలము. మంచమునంటిన పెద్దలు ఎక్కడెక్కడ నున్నారో తెలిపెడి జాబితా మార్చిలోనే చేతనుండినయెడల ఇంత కాలము పట్టెడిది కాదు.

తరువాతి మోతాదుల చరిత్రను క్లుప్తముగా చెప్పెదము. ముందుజాగ్రత్త మోతాదు 2022 జనవరి 10న మొదలాయెను. 60 ఏండ్లు పైబడి వ్యాధులున్నవారికి మొదటను, మార్చి 16 నుండి 60 ఏండ్లు దాటిన వారందఱికిని ఇచ్చిరి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. క్రొత్త జాడ్యము మఱల రాదని ఎవరును చెప్పజాలరు. వచ్చిన, టీకాయును వచ్చును. మన వీధికి వచ్చుట మాత్రము అడుగుటపై ఆధారపడును.

అడుగుటకు మనకు హక్కు కలదు. భారత రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, తన కష్టము తీర్చుమని కోరు ప్రతి మనుష్యుడును కేంద్రమునందు గాని, రాష్ట్రమునందు గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను అధికారికి విన్నపము పంపుకొనవచ్చును. దాని వెంటనున్న 350ఎ, మాతృభాషలో ప్రాథమిక విద్య సంగతి. అది 1956లో చేరినది. మన సంఘములవారు దానినే ఎక్కువగా తలచుకొందురు. 350ని అంతగా తలపరు. బరంపురములో తెలుగు మామ్మ తెలుగున వ్రాయించి వ్రేలిముద్ర వేసిన విన్నపమును తీసికొనుమని అడుగుట న్యాయమైన కోరికయే. పని త్వరగా జరుగవలెనన్న దాని క్రింద ఒడియా అనువాదము జతపఱచుట వివేకము. మన పిల్లలకు రెండు లిపులును వచ్చును. ఈ పనికి వారికంటె తగినవారు లేరు.

విన్నపములో ఏమి వ్రాయవలెను? పట్టణములో నగరపాలక సంస్థ కమీషనరునకు, పల్లెలో బ్లాకు ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి సంబోధించి, ఒక ప్రతిని ఛత్రపురములోని జిల్లా కలెక్టరునకు పంపవలెను. మొదటి వాక్యములోనే కోరికను చెప్పవలెను. రోగపు భయంకరత్వమును వర్ణించుటతో పుట నింపరాదు, అధికారికి అది తెలియును. ఫలాని వీధిలో 60 ఏండ్లు దాటినవారు ఇంతమంది, వారిలో ఇంతవఱకు టీకా పొందనివారు ఇంతమంది, రెండవ మోతాదు గడువు వచ్చినవారు ఇంతమంది అని లెక్క చూపవలెను. లెక్క పదికి గుణిజముగా నుండిన మఱింత మంచిది. తక్కువైన ప్రక్క వీధిని కలుపుకొనవలెను. పెద్దలకు ఫోను లేనియెడల పేరు నమోదుచేయు పిల్లవాని యింటి ఫోనును సూచింపవచ్చును. రహస్యసంఖ్యను మాత్రము అపరిచితులకు చెప్పరాదని పెద్దలకు ముందే బోధింపవలెను. ఇచ్చుటకు సిద్ధముగా నున్న భవనము పేరు, దానికి మెట్లెన్ని, నీడ కలదా, త్రాగునీరు కలదా, అంబులెన్సు గుమ్మము వఱకు రాగలదా అనునవి వ్రాయవలెను. ఆశా కార్యకర్తను ముందుగా కలసి జాబితాను ఆమె పుస్తకముతో సరిచూచుకొనినచో పేర్లు రెండుసార్లు రావు.

జాబితాలో నడువలేనివారి పేర్లను మొదట వ్రాయవలెను. వారి పేరు ప్రక్క ఇల్లు ఏ గుడి వెనుక, ఏ మలుపు తరువాత నున్నదో, ఏ వేళ ఇంటిలో తోడు ఉందురో కూడ వ్రాయవలెను.